శవపరీక్ష బల్ల మీద కులం

నా చదువుకు ప్రభుత్వం ఇచ్చిన మొదటి డబ్బు ఒక ధ్రువపత్రం ఆధారంగా వచ్చింది. నా తండ్రి ‘అపరిశుభ్ర వృత్తి’లో ఉన్నాడని అందులో రాసి, కింద సంతకం చేసి, గుండ్రటి ముద్ర వేశారు. పాకీపనివారు, తోళ్లు శుద్ధిచేసేవారు, చచ్చిన పశువుల చర్మం ఒలిచేవారి పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 1977–78లో మొదలుపెట్టిన ఉపకార వేతన పథకం అది. మాది భోగాపురం మండలంలో ఒక పల్లె, అందులో మాదిగవాడ. సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండగా ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకుని, తోటి పిల్లలు ఎవరైనా చదువుతారేమోనన్న భయంతో, వార్డెన్ గారికి ఇవ్వకుండా వారం రోజులు తిరిగాను. ఈనాడు నేను వెటర్నరీ పాథాలజీ ప్రొఫెసర్ని. చచ్చిన పశువు చర్మం ఒలిచి, కడుపు కోసి, పేగులు పరచి చూడటమే నా పని, నా పాఠం, నా పరిశోధన. మా అయ్య చేసిన పనికీ నేను చేసే పనికీ మొదటి గంటసేపు తేడా ఏమీ ఉండదు. ఆయనను అపరిశుభ్రుడన్న ప్రభుత్వమే నాకు నెలనెలా జీతమిస్తోంది. ఈ వ్యాసం ఆ గంటసేపటి గురించి.

ఈ శాస్త్రం గురించి పాఠకులకు రెండు మాటలు చెప్పాలి. పశువు ఎందుకు చచ్చిందో తేల్చే విద్య ఇది. శవాన్ని తెరిచి అవయవాలను కంటితో చూడటం, వేలితో నొక్కి చూడటం, ముక్కలు తీసి ఫార్మలిన్‌లో నిలవచేయటం, వాటిని మైనంలో బిగించి కాగితంకన్నా పలచగా కోసి, రంగులద్ది, సూక్ష్మదర్శిని కింద పరిశీలించటం ఇందులోని మెట్లు. పశువైద్య డిగ్రీ తర్వాత రెండేళ్ల ఎంవీఎస్సీ, ఆపైన పీహెచ్‌డీ చేసినవారు ఈ శాఖలో నిపుణులవుతారు. ఊళ్లోకి రేబిస్ వచ్చినా, దొమ్మ వచ్చినా, కోళ్లఫారాల్లో ఏదో తెలియని చావు మొదలైనా తొలి అనుమానం పుట్టేది ఈ బల్ల మీదనే. ఇంతటి శాఖ పీజీ కౌన్సెలింగులో సర్జరీ, గైనకాలజీ, మెడిసిన్ సీట్లు నిండిపోయాక మిగిలే వాటిలో ఒకటిగా ఉండటం నేను ఏళ్లుగా చూస్తున్నాను. ఎందుకని అడిగితే విద్యార్థులు ఉద్యోగావకాశాలు తక్కువంటారు. అందులో నిజముంది. కాస్త చనువున్నవారు మాత్రం ‘ఇంట్లో ఒప్పుకోరు సార్’ అంటారు. ఆవు పేడలో చేయి పెట్టే గైనకాలజీకి అడ్డుచెప్పని ఇల్లు చచ్చిన ఆవు దగ్గరకు వచ్చేసరికి ఎందుకు ఒప్పుకోదో వారు చెప్పరు, నేను అడగను.

పీజీలో చేరిన మొదటి వారంలో మా ముందు ఒక ముసలి గేదె కళేబరాన్ని పడవేశారు. అది ఏ కళాశాలో చెప్పవలసిన పని లేదు, అక్కడ జరిగినది అన్నిచోట్లా జరిగేదే. నెమరువేసే పశువును ఎడమ పక్కకు పడుకోబెట్టి కోయాలన్నది పాఠ్యపుస్తకంలోని మొదటి నియమం. పెద్ద పొట్ట ఎడమవైపు ఉంటుంది గనుక అది కిందకు పోయి తక్కిన అవయవాలు కళ్లెదుటికి వస్తాయి. ప్రొఫెసర్ గారు ఆ నియమాన్ని ఆంగ్లంలో వివరిస్తూ ఉంటే నాకు ఎనిమిదేళ్ల వయసులో మా అయ్య గదమాయింపు వినిపించింది: ‘‘డొక్క కిందికెయ్యరా!’’ ఆ రోజు మాలో ఎవరూ కత్తి ముట్టలేదు. సంప్రదాయం ప్రకారం అటెండరు కోస్తాడు, విద్యార్థి రాసుకుంటాడు, ప్రొఫెసర్ చెబుతాడు. చర్మం ఒలవటంలో సగం దాకా వచ్చాక ఆ అటెండరుకు దగ్గు తెర వచ్చి కత్తి పక్కన పెట్టాడు. ఏ ఆలోచనా లేకుండా నేను ఆ కత్తి అందుకున్నాను. చర్మానికీ కండకూ నడుమ ఉన్న తెల్లటి పొర మీదుగా, ఎక్కడా తోలుకు గాటు పడకుండా, మోచేతి ఊపుతో వీపుదాకా ఒలిచేశాను. తలెత్తి చూస్తే అందరూ నన్నే చూస్తున్నారు. ‘‘ఎక్కడ నేర్చుకున్నావయ్యా?’’ అన్నారు ప్రొఫెసర్ గారు మెచ్చుకోలుగా. ‘‘పుస్తకంలో బొమ్మ చూశాను సార్’’ అన్నాను.

పుస్తకంలో అటువంటి బొమ్మ లేదు. ఆ సంగతి ఆయనకు తెలియకపోవచ్చు గానీ అటెండరుకు తెలుసు. చేతులు కడుక్కునేచోట నా పక్కన నిలబడి, నావైపు చూడకుండా, ‘‘ఈ మాదిరి కత్తి పట్టేది మా ఇండ్లల్లోనే సార్’’ అన్నాడు. నేను బదులు చెప్పలేదు. ఆ తర్వాత రెండేళ్లూ కావాలని కత్తిని వంకరగా పట్టుకున్నాను. తోలుకు గాట్లు పెట్టాను. చేతికి వచ్చిన పనిని రానట్టు నటిస్తూ ఒక పట్టా సంపాదించాను. నా పరిశోధనలో ఎన్ని తప్పులున్నాయో గానీ నేను సిగ్గుపడేది ఆ గాట్లను తలచుకున్నప్పుడే.

మా అయ్యకు తెలిసినది కత్తి పట్టడం ఒక్కటే కాదు. ‘‘ముక్కులోంచి నల్ల నెత్తురు కారతన్న గొడ్డు మీద కత్తెట్టకూడదురా’’ అనేవాడు. దొమ్మతో, అంటే ఆంత్రాక్స్‌తో చచ్చిన పశువును కోయరాదని, చెవి నరంలోంచి ఒక చుక్క నెత్తురు తీసి గాజుపలక మీద రాసి పరీక్షించి, కళేబరాన్ని లోతుగా పాతిపెట్టాలని మేము మొదటి తరగతిలోనే చెబుతాం. కోస్తే గాలి తగిలిన క్రిములు గట్టి గింజల్లా మారి దశాబ్దాలపాటు నేలలో బతుకుతాయి. విశాఖ మన్యంలో చచ్చిన పశువుల మాంసం ముట్టినవారికి ఈ జబ్బు సోకిన వార్తలు ఇదే పత్రికలో అనేకసార్లు వచ్చాయి. చంపావతి ఏటి పల్లపు భూముల్లో మేసిన గొడ్ల కార్జంలో జలగలుంటాయని ఆయనకు తెలుసు. పాలిచ్చే గేదె చిక్కి చిక్కి, మెడ కింద నీరు దిగి చస్తే, గుండె సంచి కోసి మేకు కోసం వెతికేవాడు. మేతతో మింగిన ఇనుప ముక్క పొట్ట గోడను పొడుచుకుని గుండెను చేరుతుందని మా పుస్తకాలు పొడుగాటి లాటిన్ పేరు పెట్టి చెప్పే సంగతి అదే. అలా దొరికిన మేకులు, తీగముక్కలు ఒక పౌడరు డబ్బాలో వేసి ఉంచేవాడు. ఆ డబ్బాను ఏ రైతుకూ చూపించలేదు. చూపించినా వాడవాడి మాటకు విలువెక్కడ? ఆచార్య కంచ ఐలయ్య మాదిగలను శాస్త్రవేత్తలుగా పరిగణించాలని రాసినప్పుడు నవ్వినవారున్నారు. నేను నవ్వలేదు. ఒక్క అభ్యంతరం మాత్రం ఉంది. పౌడరు డబ్బాలో ఉండిపోయిన జ్ఞానం శాస్త్రం కాలేదు. కానివ్వలేదు.

ఇక్కడొక మాట కచ్చితంగా చెప్పాలి. నేను చర్మం ఒలిచే కులవృత్తిని కీర్తించటం లేదు. 1927లో మహద్ సభలో అంబేడ్కర్ చచ్చిన పశువులను మోయటం, వాటి మాంసం తినటం మానాలని పిలుపునిచ్చారు. ఆ పిలుపు సరైనది. కారంచేడు తర్వాత మా వాడ కుర్రాళ్లు కూడా ఇకమీద ఎవరి గొడ్డూ మోసేది లేదని తీర్మానించుకున్నారు. మా అయ్య వారితో వాదించాడు గానీ చివరకు కత్తి చూరులో దోపాడు. నా ప్రశ్న వేరు. మేము వదిలించుకున్న పనిని విశ్వవిద్యాలయం అందుకుని, కడిగి, పేరు మార్చి, విద్యగా చేసింది. అలా చేయటం మంచిదే. కానీ విద్యగా మారినప్పుడు అందులోని రెండు భాగాలను విడదీసింది. చూసి రాసే భాగానికి పట్టా, పదోన్నతి, అంతర్జాతీయ సదస్సులు. కోసి కడిగే భాగానికి పాత చాకిరీ, పాత కులాలు. 1836లో కలకత్తా వైద్య కళాశాలలో మధుసూదన్ గుప్తా అనే అగ్రవర్ణ పండితుడు మానవ శవం మీద కత్తి పెట్టటాన్ని భారత వైద్య చరిత్రలో గొప్ప సాహసంగా చెప్పుకుంటాం. ఆ శవాలను మోసుకొచ్చిన డోముల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు.

మా శవపరీక్ష శాలల్లో పనిచేసే అటెండర్లలో అత్యధికులు మాదిగలు, రెల్లివారు. ప్రకటనలో కులం ఉండదు, చేరేవారిలో ఉంటుంది. రేబిస్ అనుమానమున్న కుక్క తలనో ఆవు తలనో గొడ్డలితో పగలగొట్టి మెదడు బయటకు తీసేది వారే. క్షయ, బ్రుసెల్లా, దొమ్మ వంటివన్నీ ముందు తగిలేది వారికే. మంచి చేతితొడుగులు విద్యార్థులకు పంచగా మిగిలితే వారికి వస్తాయి. రేబిస్‌కు కుక్క కరవకముందే వేయించుకోదగిన టీకా ఉంది. విద్యార్థులకు వేయిస్తాం. అటెండరుకు వేయించాలని ఎవరికీ తోచదు, నాకే తోచటానికి ప్రొఫెసర్‌నైన తర్వాత మూడేళ్లు పట్టింది. పాకీపని నిషేధానికి 2013లో చేసిన చట్టం మనిషి మలం గురించే మాట్లాడింది. కళేబరం మోసే మనిషి దానికి కనబడడు.

కోసిన చేతికి విలువ లేనప్పుడు ఏమవుతుందో 2016 ఆగస్టులో అమలాపురంలో చూశాం. కరెంటు తగిలి చచ్చిన ఆవు చర్మం ఒలుస్తున్న మాదిగ సోదరులను గోవును చంపారంటూ కొట్టారు. ఆవు ఎలా చచ్చిందన్నది పాథాలజీ ప్రశ్న. దానికి జవాబు కరెంటు అని కోసేవారికి తెలుసు, పిలిపించిన యజమానికి తెలుసు. పశువైద్యుడు చెబితే సాక్ష్యమయ్యే మాట మాదిగవాడు చెబితే నేరం ఒప్పుకోలుగా వినబడుతుంది. అంతకు నెలరోజుల ముందే గుజరాత్‌లోని ఊనాలో ఇదే కారణంతో దళితులను కారుకు కట్టి కొట్టారు.

ఇప్పుడు భోగాపురం సంగతికి వస్తాను. 2019లో ఒక ముఖ్యమంత్రి, 2023లో మరో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేసిన అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం రెండువేలకు పైగా ఎకరాల్లో మా మండలంలో లేచింది. విమానం గురించి మా ఊళ్లో అందరూ మాట్లాడతారు. 1937 నాటి విమానయాన నియమాలలో 91వ నియమం గురించి ఎవరూ మాట్లాడరు. విమానాశ్రయ కేంద్ర బిందువుకు పది కిలోమీటర్ల లోపు పశువును వధించటం, చర్మం ఒలవటం, పక్షులు మూగే చెత్తను పారవేయటం ఆ నియమం ప్రకారం నిషిద్ధం. పక్షి ఇంజనులో పడితే విమానం కూలుతుంది కనుక నియమం న్యాయమైనదే. అయితే ఆ పది కిలోమీటర్ల వలయంలోని పల్లెల్లో గేదెలున్నాయి, అవి చస్తాయి. మా ఊరి గొడ్ల దిబ్బ ఆ వలయంలోనే ఉంది. మా కుర్రాళ్లు మోయమన్నారు, నియమం ఒలవవద్దంది. ఇక చచ్చిన గొడ్డు ఎక్కడికి పోతుంది? రాత్రిపూట ఏ రెల్లి కుర్రాడికో అయిదొందలిచ్చి ట్రాక్టరులో కాలువగట్టు దాకా ఈడ్పించటమే ఇప్పటికి కనబడుతున్న ఏర్పాటు. పట్టుబడితే కేసు ఆ కుర్రాడి మీదనే.

మా చిన్నప్పుడు దిబ్బ మీద ఒలిచిన కళేబరాన్ని రాబందులు గంటలో శుభ్రం చేసేవని మా అయ్య చెప్పేవాడు. నేను పదో తరగతికి వచ్చేసరికి అవి లేవు. అవి ఎందుకు మాయమయ్యాయో తేల్చింది శవపరీక్షలే. పాకిస్తాన్‌లో చచ్చిన రాబందుల కళేబరాలను తెరిచి, మూత్రపిండాలు చెడి లోపలి అవయవాల మీద సుద్దలాంటి పదార్థం పేరుకోవటం చూసి, పశువులకు నొప్పి తగ్గించటానికి వేసే డైక్లోఫెనాక్ వల్లనేనని లిండ్సే ఓక్స్ బృందం 2004లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించింది. 2006లో మనదేశం ఆ మందు పశువులకు వాడకాన్ని నిషేధించింది. వెటర్నరీ పాథాలజీ సాధించిన గొప్ప విజయాల్లో ఇదొకటి. రాబందులు తగ్గుతున్నాయని అంతకు చాలా ఏళ్ల ముందే గమనించినవారు ప్రతి ఊరి దిబ్బ మీదా ఉన్నారు. వారిని అడిగే మార్గమే లేదు.

పరిశోధన శిక్షణలోకి ఈ వాడల పిల్లలు వస్తే ఆ మార్గం పడుతుందనుకుంటాం. ఎలా వస్తారో చూద్దాం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఎస్సీ వర్గీకరణకు దారి తెరిచింది. 2025లో ఆంధ్రప్రదేశ్ రెల్లి తదితర 12 కులాలకు 1 శాతం, మాదిగ తదితర 18 కులాలకు 6.5, మాల తదితర 29 కులాలకు 7.5 శాతం కేటాయించింది. నేను దీన్ని మనసారా స్వాగతించాను. కానీ పీజీలో పాథాలజీ వంటి శాఖకు ఏటా వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సీట్లుంటాయి. అంత కొద్ది సీట్లలో ఒక్క శాతం అంటే ఎన్నేళ్లకు ఒక రెల్లి విద్యార్థి వంతు వస్తుందో పాఠకులే లెక్కవేసుకోవచ్చు. శాఖను యూనిట్‌గా తీసుకుంటే రిజర్వేషన్ ఎలా ఆవిరవుతుందో అధ్యాపక నియామకాల విషయంలో దేశమంతా చూసింది. 2018లో యూజీసీ ఇచ్చిన ఉత్తర్వును సరిదిద్దటానికి 2019లో పార్లమెంటు చట్టమే చేయవలసి వచ్చింది. పీజీ సీట్లకూ అదే తర్కం వర్తించాలి. విశ్వవిద్యాలయం మొత్తాన్ని ఒకే లెక్కగా తీసుకోవటమే కాక, ఏ వర్గం ఏ శాఖలోకి ఎప్పుడూ రాలేదో విడిగా చూడాలి.

అమెరికాలో ఈ శిక్షణను రెసిడెన్సీ అంటారు. దాదాపు మూడేళ్లు. ఆ తర్వాత 1949లో ఏర్పడిన వెటర్నరీ పాథాలజిస్టుల కళాశాల నిర్వహించే కఠినమైన పరీక్ష. అక్కడ కొంతకాలం గడిపినప్పుడు నన్ను ఆశ్చర్యపరిచినవి పరికరాలు కావు. రెసిడెంట్ డాక్టరు తానే గుర్రాన్ని కోసి, తానే కత్తులు నూరుకుని, చివరకు తానే రబ్బరు గొట్టంతో నేల కడిగాడు. ప్రొఫెసర్ గారు కూడా బూట్లు వేసుకుని పక్కన నిలబడి పేగులు ఎత్తిపట్టుకున్నారు. అదేదో స్వర్గమని చెప్పను. ఆ దేశంలో అత్యధికంగా తెల్లవారే ఉన్న వృత్తుల్లో పశువైద్యం ఒకటి. అక్కడి నల్లజాతి పశువైద్యులలో ఎక్కువమందిని తయారుచేసింది 1945లో మొదలైన టస్కిగీ పశువైద్య కళాశాల ఒక్కటే. ద్వారం తెరవాలంటే ఒక సంస్థ దానికోసం పూనుకోవాలని ఆ చరిత్ర చెబుతోంది.

మాకు అటువంటి అవకాశం చేతికందే దూరంలో ఉంది. భోగాపురానికి ఉత్తరంగా, విజయనగరం జిల్లాలోనే, గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు తర్వాత అది నాలుగోది. తమ డిగ్రీకి జాతీయ మండలి గుర్తింపు కావాలని ఆ విద్యార్థులు రోడ్డెక్కవలసి వచ్చింది, అంత ఆలస్యంగా మా ప్రాంతానికి చదువు వస్తుంది. విమానాశ్రయ వలయంలో చచ్చే ప్రతి పశువూ కాలువగట్టుకు పోకుండా గరివిడి శవపరీక్ష శాలకు పోవాలి. తీసుకుపోవటానికి మూతవేసిన వాహనం, పరీక్ష తర్వాత కాల్చివేయటానికి దహనయంత్రం కావాలి. విమానాశ్రయానికి ఖర్చు చేసిన సొమ్ములో ఇది చిల్లర. అలా వచ్చే కళేబరాలతో ఉత్తరాంధ్ర పశురోగాల మీద ఎంవీఎస్సీ, పీహెచ్‌డీ స్థాయి పరిశోధన ఏళ్ల తరబడి సాగుతుంది. అక్కడ కత్తి పట్టేవారిని ఔట్‌సోర్సింగ్ స్వీపర్లుగా తీసుకోరాదు. అది శిక్షణ, టీకా, పదోన్నతి ఉన్న సాంకేతిక ఉద్యోగం కావాలి. ప్రతి పీజీ విద్యార్థీ, అతని ఇంటిపేరు ఏదైనా, చర్మం ఒలిచి, బల్ల కడిగి తీరాలని నిబంధన పెట్టాలి. దీనికి నా సహోద్యోగుల్లో కొందరు నవ్వుతారని తెలుసు. ‘అటెండరున్నాడు కదండీ’ అంటారు.

మా శాఖలో శవపరీక్ష నివేదికకు ‘పరీక్షించినవారు’ అనే గడి ఒక్కటే ఉండేది. దాని పైన ‘శవాన్ని తెరిచినవారు’ అని మరో గడి చేర్పించాను. మొదట్లో అటెండరు సంతకం పెట్టటానికి ఒప్పుకోలేదు. ‘‘రేపు ఏదన్నా కేసయితే నా మీదకొస్తాది సార్’’ అన్నాడు. అమలాపురం తర్వాత ఆ భయాన్ని కాదనలేకపోయాను. నా సంతకం కిందనే ఉంటుందని చాలాసార్లు చెప్పాక ఒప్పుకున్నాడు. ఈ మధ్య ఒక గేదె నివేదికలో సంతకంతో ఊరుకోకుండా, పక్కన పెన్సిలుతో తెలుగులో ఒక వాక్యం రాశాడు: ‘గుండె సంచిలో తీగముక్క, రెండంగుళాలు.’ విద్యార్థి ఆంగ్లంలో రాసిన నాలుగు పేజీలు తిరగేశాను. అందులో తీగముక్క లేదు.